జెరూసలేం బస్సూ, మా అక్కా

మా అక్క నర్సు. తిరుపతిలో చదువుకుని, ఆడే ఒక ఆసుపత్రిలో నాలుగేండ్లు పనిచేసి, ఇజ్రాయెల్‌కు పోయింది. జెరూసలేంలో నడవలేని ఒక ముసలామెను చూసుకునే పని. అప్పటికి మాకు ఆ దేశం గురించి ఏమీ తెలీదు. వడమాలపేటలో మా నాయనకు తెలిసిన రాజకీయమంతా మండలం ఎన్నికల దాకానే.

అక్క పోయిన కొన్నాళ్ళకే ఇజ్రాయెల్‌వాళ్ళకూ పాలస్తీనావాళ్ళకూ మధ్య శాంతి చర్చలు ఆగిపోయినాయి. ఆ తర్వాత ఇటు బస్సుల్లో బాంబులు, అటు పాలస్తీనా ఊర్లలోకి ట్యాంకులు. నాయన పొద్దున్నే టీ అంగడి నుంచి పేపరు తెచ్చి, లోపలి పేజీ తిప్పి నా చేతికిచ్చేవాడు.

"సదువు పాపా. మళ్ళీ మాట్లాడుకునేదానికి కూసున్నారా?"

"లేదు నాయనా. ఎన్నికలు జరిగినాయంట. గట్టిగా ఉంటానన్నాయన గెలిచినాడంట."

"గట్టిగా ఉంటే బాంబులు తగ్గతాయా, ఎక్కువవతాయా?"

నేను బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పే టీచర్ని. బడి అట్లాసు తీసి ఆ దేశం యాడుండాదో మాత్రం చూపించినాను.

ఒక బుధవారం పేపర్లో జెరూసలేం బస్సు బొమ్మ పడింది. పైకప్పు లేచిపోయి, కిటికీల చోట ఇనుప చట్రాలు మాత్రం మిగిలినాయి. ముసలామె మందులకు బస్సులోనే పోతానని అక్క జాబులో రాసి ఉండాది. చదవకుండా పేపరు మడిచేసినాను. నాయన అడగకుండానే కనుక్కున్నాడు.

ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తినాము. ఎన్నిసార్లు తిప్పినా లైను కలవలేదు. బడికి సెలవు పెట్టినాను. నాయన బూత్ ముందర అరుగు మీదే కూర్చున్నాడు. అన్నం క్యారియర్ తీసకపోతే మూత కూడా తీయలేదు. చచ్చిపోయినోళ్ళలో పరాయి దేశాలవాళ్ళు కూడా ఉండారని గురువారం పేపర్లో వచ్చింది. ఆ మాట నాయనకు చదివి వినిపించలేదు.

ఆ సాయంత్రం లైను కలిసింది.

"అక్కా, యాడుండావు?"

"ఇంట్లోనే ఉండాను. ఆ బస్సు మా వీధి చివరే ఆగతాది. మంగళవారం పొద్దున దాంట్లోనే పోయొచ్చినా. మధ్యాన్నం పేలింది."

నాయన రిసీవర్ లాక్కున్నాడు. "వచ్చెయ్యి తల్లీ. మాకేమీ వద్దు, నువ్వు వచ్చెయ్యి."

"ముసలామె కొడుకును సైన్యంలోకి పిలిచినారు నాయనా. ఈమెకు నీళ్ళు తాపేదానికి కూడా నేను తప్ప ఎవరూ లేరు."

తర్వాత ఏదో చెప్తా అక్క ఏడిసింది. ఆ ఇంటి గోడలు బాగుచేసేదానికి పాలస్తీనా ఆయన ఒకాయన వచ్చేవాడంట. వచ్చినప్పుడల్లా అక్కకు వాళ్ళింటి రొట్టె తెచ్చిచ్చేవాడంట. సైన్యం పాలస్తీనా ఊర్ల దారులు మూసేసినప్పటి నుంచీ రాలేదు. ఆయన యాడని ముసలామె రోజూ అడగతా ఉండాదంట. ఫోన్ చేస్తే ఆయన పెండ్లాం ఎత్తి ఏడిసిందంట, ఆమె భాష అక్కకు తెలీదు.

"ఆయన ఉండాడా?" అన్నాడు నాయన.

"తెలీదు నాయనా."

అంతకుముందు నాయన బస్సుల గురించే అడిగేవాడు. ఆపొద్దు నుంచి పాలస్తీనా పక్క ఎంతమంది పోయినారని కూడా అడిగేవాడు.

మరుసటేడు, ముసలామె కొడుకు సైన్యం నుంచి తిరిగొచ్చినాక, అక్క నెల సెలవు మీద వచ్చింది. నాయన మొక్కుకున్నాడు కాబట్టి అలిపిరి నుంచి మెట్లెక్కి దర్శనం చేసుకుని కిందికి దిగినాము. తిరుపతి బస్టాండులో మా ఊరి మీదుగా పోయే పుత్తూరు బస్సు నిండుగా ఉండాది. గుండ్లు చేయించుకున్నోళ్ళు, లడ్డూ కవర్లు, మూటలు. నేను ఎక్కినాను. అక్క ఎక్కలేదు. డ్రైవరు వెనక సీటు కింద ఒక నల్ల సంచి పెట్టి ఉండాది.

"ఆ సంచి ఎవరిది?" అని అక్క కింద నుంచే అడిగింది.

ఎవరూ పలకలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని కిందికి లాగేసింది. "దిగండి, అందరూ దిగండి," అని అరిసింది. జనం బిత్తరపోయి చూసినారు. అంతలో ఒకామె జామకాయలు కొనుక్కుని వచ్చి, "నాదేమ్మా, ఏమయ్యింది?" అనింది.

అక్క అక్కడే కూలబడింది. కొందరు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ అక్కకు ఏమవతాదో అని భయపడినాను గానీ, ఆమెలో అప్పటికే ఏమైపోయిందో ఆపొద్దే చూసినాను. ఆటో మాట్లాడుకుని ఊరికి వచ్చినాము.

"మళ్ళీ పోతావా?" అని దారిలో అడిగినాను.

"పోవాల. ఆమె నాకోసం చూస్తా ఉంటాది."

పోయింది. రెండేండ్ల తర్వాత ముసలామె నిద్రలోనే పోయింది. అక్క తిరిగొచ్చి చిత్తూరులో ఆసుపత్రి పనిలో చేరింది. గోడల ఆయన ఏమైనాడో ఎవరూ చెప్పలేకపోయినారు.