కారుకు దూరంగా

రక్షణ నియమాలు పాటించకపోతే ప్రమాదాలు జరుగుతాయని అందరూ చెబుతారు. ఉన్న నియమాలన్నీ ఒక్కటీ వదలకుండా పాటించి, పాటించినందుకే ప్రమాదం తెచ్చుకున్నవాడు గద్వాల మొత్తం మీద నేనొక్కడినే. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ మా వీధిలో అందరూ చెప్పేస్తున్నారు, అదీ తలా ఒక రకంగా. కనీసం జరిగింది జరిగిన వరుసలో చెప్పేవాడు ఒకడుండాలి కదా అని పూనుకున్నాను. చివర్లో ఎవరూ చావరు. ఆ ఒక్క హామీ తప్ప ఇందులో ఇంకే సంతోషమూ ఆశించకండి.

ముందు నా సంగతి. మాది మల్దకల్ దగ్గర మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. వనపర్తిలో పాలిటెక్నిక్, హైదరాబాదులో మెకానికల్ ఇంజినీరింగ్, ఆ తర్వాత అక్కడే ఖరీదైన కార్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఉద్యోగం. ఆ వర్క్‌షాపు మూతపడింది. నాగర్‌కర్నూలులో ఒక ట్రాక్టర్ల షోరూముకు వెళితే నీ చదువు మాకు ఎక్కువైందన్నారు. వనపర్తిలో ఇంకొకచోటికి వెళితే నీ అనుభవం మాకు తక్కువైందన్నారు. ఎక్కువకూ తక్కువకూ మధ్య బస్సుల్లో తిరిగి తిరిగి, చివరికి గద్వాలలో మా మేనమామ తిమ్మయ్య దుకాణం ముందు దిగాను.

మామది ఇంజెక్టర్లు బాగుచేసే దుకాణం. ఇంజెక్టర్ అంటే ఇంజిన్‌లోకి ఇంధనాన్ని పొగమంచులా చిమ్మే చిన్న గొట్టం. ట్రాక్టరు నల్లపొగ కక్కితే రైతులు మామను వెతుక్కుంటూ వచ్చేవారు. దుకాణం రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు షట్టరు, వెనక గోడ, ఆ వెనక మూలన మామ చెక్కబల్ల. బల్ల మీద ఇంజెక్టర్లను పరీక్షించే యంత్రం, కింద సొరుగుల నిండా విడిభాగాలు. ఏళ్ల తరబడి డీజిల్ తాగి ఆ బల్ల నల్లటి గేదెలా నిగనిగలాడేది. నిజానికి దుకాణమంటే ఆ బల్లే. మిగతాదంతా దానికి వానపడకుండా కట్టిన గోడలు.

మామకు చేతులు వణకడం మొదలైంది. ఇంజెక్టర్ లోపలి సూది వెంట్రుకంత తేడాను కూడా సహించదు. వణికే చేతిని అసలే సహించదు.

"పర్శా, ఇగ నాతోని కాదురా," అన్నాడు ఒకరోజు. నా పేరు పరశురాముడు. "నీ చేతిపని ఒక్కటి నా కండ్ల ముంగట చూస్త. అది మంచిగ జేస్తె దుకాణం నీకే ఇస్త."

నాకు వేరే దారి లేదు. ఆ ఒక్క పని కోసం గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటే, ముసురు పట్టి ఊరంతా తడిగుడ్డలా వేలాడుతున్న రోజున, ఆ కారు వచ్చింది.

గట్టు మండలంలో సీడ్ పత్తి సాగు చేయించే హన్మంతరెడ్డి దాన్ని హైదరాబాదులో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. ఒడ్డున పడుకున్న మొసలిలా ఉంటుంది. అడుగు తగులుతుందేమోనని ప్రతి గుంత దగ్గరా దిగి, వంగి చూసి, మళ్లీ ఎక్కి తెచ్చాడట. దారిలో ఒక ఎద్దులబండి దాన్ని దాటిపోయిందని కూడా అంటారు. నేను చూడలేదు కాబట్టి ఒప్పుకోను.

"తిమ్మయ్యా, లోపల కూసుంటె పెట్రోలు బంకుల కూసున్నట్టే ఉన్నది. ఏందో జర చూడు," అన్నాడు హన్మంతరెడ్డి.

"మా అల్లుడు ఇంజినీరు పటేలా. పట్నంల గిసొంటి కార్లే జేసొచ్చిండు," అని మామ నన్ను ముందుకు తోశాడు.

బానెట్ ఎత్తాను. అది సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్. మామూలు ఇంజిన్ తనకు కావలసిన గాలి తానే పీల్చుకుంటుంది. ఇందులో మాత్రం ఒక పంపు గాలిని బలవంతంగా కుక్కుతుంది, కొత్తల్లుడి విస్తట్లో అత్తగారు వద్దంటున్నా వడ్డించినట్టు. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కావాలి. దాన్ని చిమ్మే ఇంజెక్టర్లు ఆ వేడిలోనే కూర్చుని ఉంటాయి. వాటి మెడకున్న రబ్బరు రింగులు వేడికి గట్టిపడి పగిలితే, పెట్రోలు చుక్కలు చుక్కలుగా కాలుతున్న ఇంజిన్ మీద పడుతుంది. తర్వాత ఏమవుతుందో చెప్పడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు.

"పటేలా, రింగులు పోయినయ్. గిట్లనే నడిపితే కారు కాలిపోతది," అన్నాను.

హన్మంతరెడ్డి కారు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "కాలిపోతదా? గట్టు కాన్నుంచి నడుపుకుంటనే వచ్చిన గదా!"

"నెమ్మదిగ నడిపిన్రు, బతికిన్రు."

"నెమ్మదిగ నడుపుతున్ననని ఊరంత నవ్వింది," అన్నాడాయన దిగులుగా. "ఏమన్న గానీ తమ్మీ, నా కారు కాలొద్దు."

కాలనివ్వనని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. ఇక్కడే చెప్పేస్తున్నాను, చివరికి వచ్చేసరికి ఇది ఎవరికీ గుర్తుండదు.

హైదరాబాదు నుంచి కొత్త రింగులు బస్సులో వచ్చేలోపు ఒక అట్టముక్క మీద నియమాలు రాసి గోడకు తగిలించాను. ఒకటి, కారు బ్యాటరీ తీగ ఊడదీయాలి, పని మొత్తం ముగిశాకే కలపాలి. రెండు, గొట్టాల్లోంచి తీసిన పెట్రోలును, తడిసిన గుడ్డలను కారుకు దూరంగా పెట్టాలి. మూడు, నిప్పు అనేది ఏదైనా సరే కారుకు దూరంగా ఉండాలి. నాలుగు, మంటలార్పే సిలిండరు, ఇసుక బకెట్టు కారు పక్కనే చేతికందేలా ఉండాలి.

మామ అట్టముక్క ముందు నిలబడి చాలాసేపు చదివాడు.

"ఏందిరా ఇది, బడి లెక్క?"

"రక్షణ నియమాలు మామా."

"మరి ఇన్నొద్దులు నన్నెవరు రక్షించిన్రురా?"

"అదృష్టం."

"అయితే దాని పేరు గూడ రాయరాదు, అయిదో నంబరు," అని మామ బీడీ చెవి వెనక పెట్టుకుని బయటికి పోయాడు. మూడో నియమం అప్పుడే అమలులోకి వచ్చిందని నేను సంతోషించాను.

పని మాత్రం, నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, ముచ్చటగా సాగింది. సన్నటి వాన కురుస్తూనే ఉండటంతో కారును లోపలికి పెట్టి, షట్టరు సగం దించాం. బ్యాటరీ తీగ ఊడదీశాను. గొట్టాల్లో మిగిలిన పెట్రోలును డబ్బాలోకి పట్టాను. కారిన చుక్కలను గుడ్డలతో తుడిచాను. డబ్బానూ గుడ్డలనూ నియమం ప్రకారం కారుకు దూరంగా తీసుకెళ్లాను. ఆ దుకాణంలో కారుకు దూరం అనదగిన చోటు ఒక్కటే ఉంది, వెనక మూల. బల్ల కింద పెట్టేసి వచ్చాను. కొత్త రింగులు వేసి, ఇంజెక్టర్లు బిగించి, అన్నీ మళ్లీ సరిచూసి, "అయిపోయింది మామా" అన్నాను.

మామ కండ్లద్దాలు పెట్టుకుని వంగి ఒక్కొక్కటే చూశాడు. వేలితో తడిమాడు. ఆయన మెచ్చుకుంటే మీసం ఎడమ పక్కకు కదులుతుంది. కదిలింది. దుకాణం నాదైపోయిందని నాకు అర్థమైంది.

"మంచిగ జేసినవ్. ఆగు, హారతిచ్చి స్టార్ట్ చేద్దం," అంటూ మామ పళ్లెంలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, కర్పూరం సర్దాడు.

"యాడ ఇస్తవ్ మామా?"

"యాడేంది? బానెట్ మీదనే."

"పెట్రోలు ఇంజిన్ మీద కర్పూరమా!"

"ఇంజిన్ ఇప్పినంక హారతియ్యకుంట నేను తాళంచెవి తిప్పలేదురా. డొక్కు ట్రాక్టరుకు గూడ ఇచ్చిన."

"అది డీజిల్ మామా, ఇది పెట్రోలు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. కంటికి కనపడదు. నేల మీద పాములెక్క పాకుతది. నిప్పు యాడుంటె గాడికి అదే నడుసుకుంట పోతది."

ఈ వాక్యాలను దయచేసి గుర్తుపెట్టుకోండి. అన్నది నేనే.

కారు తీసుకుపోవడానికి పొద్దున్నే వచ్చి కూర్చున్న హన్మంతరెడ్డి మధ్యలోకి వచ్చాడు. "తమ్మీ, దిష్టి దియ్యకుంట ఎట్ల? ఊరి కండ్లన్ని దీని మీదనే ఉన్నయ్."

"ఉట్టి నిమ్మకాయలతోని తియ్యొచ్చు గద పటేలా."

"కర్పూరం లేకుంట దిష్టి పోతదా?" అని ఆయన నాకంటే కచ్చితంగా అడిగాడు.

మామ బానెట్ పక్కకు వచ్చాడు. పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. చేతులు వణుకుతుంటే కొబ్బరికాయ పళ్లెంలో టకటకలాడుతోంది. ఆ చప్పుడు వినలేక నేనే రాజీకి వచ్చాను.

"సరే మామా, ఇయ్యి. గానీ కారుకు దూరంగ ఉండి ఇయ్యి."

"దూరమంటె?"

"వెనక్కి పో."

వెనక్కి వెళ్లాడు. "గీడనా?"

"ఇంక వెనక్కి."

బస్టాండులో బస్సును వెనక్కి రప్పించే కండక్టరులా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. రానీ, రానీ, ఇంకా రానీ. మామ నన్నే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, ఆఖరుకు వీపు గోడకు తగిలి ఆగిపోయాడు.

"ఇంక గోడే ఉన్నదిరా."

"ఆఁ, గదే కరెక్టు."

కర్పూరం వెలిగించాడు. అంత దూరం నుంచి కారుకు చూపిస్తూ పళ్లెం తిప్పాడు. పెళ్లిలో చివరి వరసలో కూర్చుని అక్షింతలు వేసినట్టుంది.

"చేతులు ఆగుతలేవురా. పళ్లెం కింద పెడదునా?"

"కింద పెట్టు మామా. అదే సేఫ్."

పెట్టాడు.

ముందు చప్పుడు రాలేదు. నేల మీద నీలంగా ఒక అల పాకింది. నేను చెప్పినట్టే, పాములెక్క. తర్వాత బల్ల కింద నుంచి 'భుస్' అని మంట లేచింది. మామ ఎగిరి పక్కకు దూకాడు. మీసంలో సగం అక్కడే పోయింది, మెచ్చుకోవడానికి కదిలిన సగం.

"కారూ!" అని అరిచాడు హన్మంతరెడ్డి. "కారు బైటికి నూకుర్రి!"

ఇద్దరం కలిసి తోశాం. కదల్లేదు. ఆ కారుకు హ్యాండ్ బ్రేకు కూడా కరెంటుతోనే వదులవుతుంది. కరెంటు లేదు, ఎందుకంటే బ్యాటరీ తీగ ఊడదీసి ఉంది. ఇప్పుడు కలిపితే నిప్పురవ్వ రావచ్చు. ఒకటో నియమం.

"పర్శా, గిటు రారా! ఆ సిలిండరు తేరా!" మామ గోనెసంచితో బల్లను కొడుతూ పిలుస్తున్నాడు.

సిలిండరు నా చేతిలోనే ఉంది. నాలుగో నియమం ప్రకారం అది కారు పక్కన ఉండాలి. మంటకూ కారుకూ మధ్య అడ్డంగా నిలబడి, గురి కారు ముందున్న ఖాళీ నేల మీద పెట్టి, మంట వస్తే కొడదామని కాచుకున్నాను. మంట రాలేదు. దానికి అక్కడే కావలసినంత డీజిల్ చెక్క ఉంది, కారుతో పనేముంది? మామ రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవలేదు. ఆ నిశ్శబ్దమే నన్ను కదిలించింది. పరుగెత్తి సిలిండరు నొక్కేసరికి యంత్రం గొట్టాలన్నీ కరిగి వేలాడుతున్నాయి, మంట సిలిండరుకు లొంగలేదు.

చివరికి మంటను ఆర్పింది పక్కింటి గోవిందక్క. వాళ్ల మగ్గం మా గోడకు అవతలే ఉంటుంది. తడిపిన గోనెసంచులు మోసుకుని షట్టరు కింద నుంచి దూరి వచ్చి, ఒకదాని మీద ఒకటి విసిరింది.

"ఏందిరా ఇంజినీరూ, నా మగ్గం గూడ కాల్చకపోతివి! పట్టుచీర సగం నేసి పెట్టిన ఆడ!" అని అరిచి, నా చేతిలోని సిలిండరు చూసింది. "గది ఉన్నది దేనికిరా, ఫొటో దిగనీకా?"

నేను గోడ వైపు చూశాను. జవాబు గోడ మీదనే ఉంది, అట్టముక్క మాత్రం నిక్షేపంగా ఉంది.

పొగ పోయాక బ్యాటరీ తీగ కలిపాను. కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. ఇంజెక్టర్ల దగ్గర ఒక్క చుక్క లేదు, వాసన లేదు. హన్మంతరెడ్డి నన్ను కౌగిలించుకున్నాడు. "దుకాణం కాలినా కారుకు గీత పడలే! గిది సేఫ్టీ అంటె!" అని గట్టు దాకా చెప్పుకుంటూ పోయాడు. సూపర్‌చార్జర్ కార్లకు నా అంత జాగ్రత్తపరుడు లేడని ఈ చుట్టుపక్కల మంచి పేరొచ్చింది. ఈ చుట్టుపక్కల సూపర్‌చార్జర్ కారు ఇంకొకటి లేదు.

మామ షట్టరు ముందు మెట్టు మీద వానలో కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. తిడితే బాగుండునని ఎంతసేపు ఎదురుచూశానో చెప్పలేను. వెనక మూలనుంచి బల్ల ఇంకా చిటపటమంటోంది.

"కారు లీకైతుందారా?" అని అడిగాడు చివరికి.

"లేదు మామా. సుక్క గూడ లేదు."

సగం మీసాన్ని తడుముకుని తలూపాడు. "నీ పని మంచిగుంటె దుకాణం ఇస్తనన్న. పని మంచిగున్నది. తీస్కో," అని లేచి, వెనక్కి చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

అలా నేను యజమానినయ్యాను, నాలుగు గోడలకూ, ఒక షట్టరుకూ, ఒక అట్టముక్కకూ.

కాబట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రజలందరి సమక్షంలో, మసి కడిగినా పోని ఈ చేతిని పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువునైనా 'దూరంగా పెట్టు' అని అనవలసి వస్తే, దేనికి దూరంగానో చెప్పేముందు, అది దేనికి దగ్గరవుతుందో వెళ్లి చూసి వస్తాను. అది వెళ్లి చూడలేనంత దూరమైతే నోరు మూసుకుంటాను.