తస్లీమ్ దాచిన మూడు నెలలు

తస్లీమ్ మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ సంగతి తానే వెళ్లి సేటుకు చెప్పింది. ఎవరూ అడగలేదు. కడుపు ఇంకా కనబడటం కూడా లేదు. పని ఇచ్చిన మనిషి దగ్గర దాచడం మర్యాద కాదనుకుంది. మూడో నెల రాగానే, గల్లా దగ్గర దీపం వెలిగించి దండం పెట్టుకుంటున్న రాఘవేందర్ సేటు ముందు నిలబడి, తల దించుకుని చెప్పింది.

సేటు చాలా సంతోషించాడు. "చెప్పి మంచి పని చేసినవ్ తల్లీ," అన్నాడు. మిఠాయి తెప్పించి దుకాణమంతా పంచాడు. కొద్ది రోజులకే పట్టుచీరల కౌంటర్లో ఆమె నిలబడే చోట కొత్త అమ్మాయి నిలబడింది. తస్లీమ్‌ను ఇంటికి పోయి నిమ్మళంగా ఉండమన్నారు. కాన్పయ్యాక రమ్మన్నారు. నాలుగో నెలలో కడుపు పోయింది. ఒళ్లు తేరుకుని తిరిగొస్తే, "అయ్యో, నీ జాగల మనిషొచ్చిందమ్మా" అని ఆమెను లంగాలు, ఫాల్సులు అమ్మే మూలకు పంపారు. జీతం కూడా కొత్తగా చేరినవాళ్లకిచ్చేదే. పట్టు కౌంటర్‌కు మళ్లీ చేరుకోవడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది.

ఆ దుకాణం నాగర్‌కర్నూల్ బస్టాండ్‌కు దగ్గర్లోనే ఉంది. నేను అక్కడ చీరలు మడతపెట్టేవాణ్ణి. కౌంటర్ మీద గుట్టగా పడ్డ చీరలను ఎవరూ ముట్టుకోనట్టుగా మళ్లీ మడిచి అరల్లో పెట్టడం నా పని. ఆ గుట్టలు వేయించే మనిషి తస్లీమ్.

ఆమె రోజూ బిజినేపల్లి నుంచి బస్సులో వచ్చేది. బురఖా తీసి గోదాంలో మేకుకు తగిలించేది. ఇక అక్కడి నుంచి రాత్రి దాకా ఆమె ఒంటి మీద ఎవరెవరి పెళ్లి చీరలో ఉండేవి. గద్వాల చీరను అట్టపెట్టెలో చూపిస్తే ఎవరూ కొనరు. మనిషి మీద వేసి చూపాలి. తస్లీమ్ కుచ్చిళ్లు చకచకా పోసి నడుము దగ్గర చెక్కుకుని, కొంగు భుజాన వేసుకుని, అద్దం ముందు ఒక్కసారి తిరిగేది. తిమ్మాజిపేట నుంచి ఒక పెళ్లివాళ్లు పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా ఆమె చేత అలా తిప్పించారు. చివరికి పెళ్లికూతురి మేనత్త, "నీ మీద మంచిగనే ఉన్నది గని, మా పిల్ల జర నలుపమ్మా," అంది.

"నల్లగున్నోళ్లకే గద్వాల చీర అందమమ్మా. తెల్లగున్నోళ్లు ఏది కట్టినా ఎవలు సూస్తరు, మొఖమే సూస్తరు," అంది తస్లీమ్. మేనత్త రెండు చీరలు కొంది. ఆమె కూడా నలుపే.

ఆ దుకాణంలో అమ్మేవాళ్లు కూర్చోకూడదు. గిరాకీ లేకపోయినా నిలబడే ఉండాలి. అమ్మే మనిషి కూర్చుంటే గిరాకీ లేచిపోతుందని సేటు నమ్మకం. పట్టు కౌంటర్ ఇన్‌చార్జికి మాత్రం ఒక స్టూలు ఉండేది. దాని మీద హన్మమ్మ అనే పెద్దామె కూర్చునేది. మోకాళ్ల నొప్పులు ఎక్కువై, ఉగాదికి పని మానేస్తానని ఆమె చెప్పేసింది. శివరాత్రి అయిన మర్నాడు సేటు అందరి ముందు ప్రకటించాడు. "ఉగాది పూజ అయినంక ఇన్‌చార్జి మన తస్లీమే."

అందరం చప్పట్లు కొట్టాం. తస్లీమ్ నవ్వింది. అప్పటికే ఆమెకు రెండో నెల నడుస్తోంది.

ఆ సంగతి నాకు చెప్పక తప్పలేదు. పై అరల్లోంచి చీరలు తీయాలంటే నిచ్చెన ఎక్కాలి. ఒకరోజు నిచ్చెన దగ్గర నా చొక్కా పట్టుకుని ఆపింది. "తమ్మీ, ఇగ పైనున్నయి నువ్వే తియ్యి. ఎందుకు అని అడగకు."

నేను అడగలేదు. ఆమె మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"సేటుకు ఎప్పుడు చెప్తవక్కా?" అన్నాను.

"ఉగాది పూజ గానీ. స్టూలు మీద కూసున్నంక చెప్త. నిలబడ్డ మనిషిని పొమ్మనుడు అల్కగ ఉంటది తమ్మీ. కూసున్న మనిషిని లేపుడు కష్టం."

ఆమెకు కావాల్సింది అంతే. ఇంటికి పంపేదాకా పొద్దంతా నిలబడటం వల్లనే మొదటిది పోయిందని ఆమె గట్టిగా నమ్మేది. దవాఖానలో ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. వచ్చేసారి జాగ్రత్త అన్నారు. ఎవరూ కారణం చెప్పకపోతే మనిషి తానే ఒకటి వెతుక్కుంటుంది. ఈసారి కూర్చుని పనిచేయాలి. కూర్చోవాలంటే ఇన్‌చార్జి కావాలి. ఇన్‌చార్జి కావాలంటే ఉగాది దాకా నోరు మూసుకోవాలి.

నాకు కడుపు మండింది. గ్రంథాలయంలో పేపర్లు తిరగేసి చట్టాలు నాలుగు నేర్చుకున్నవాణ్ణి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే దుకాణంలో గర్భిణిని ఆ కారణంగా పనిలోంచి తీసేయకూడదని, జీతంతో సెలవు ఇవ్వాలని ఆమెకు చెప్పాను. మేం పదిమందికి ఎక్కువే ఉన్నామని కూడా చెప్పాను. తస్లీమ్ భుజాన ఉన్న చీర తీసి నా చేతిలో పెట్టింది.

"గా చట్టం పోయి సేటుకు నువ్వు చెప్తవా?"

నేను ఆ చీర అంచులు కలిపి మడవడం మొదలుపెట్టాను.

"నువ్వు గింతే తమ్మీ. చదువుతవు, కోపం చేసుకుంటవు, మళ్ల చీరలు మడతపెడ్తవు."

ఆ వెంటనే రంజాన్ నెల వచ్చింది. మామూలుగా అయితే కడుపుతో ఉన్న మనిషి రోజా ఉండక్కర్లేదు. దవాఖానలో నర్సు వద్దంది. అత్త షంషాద్ కూడా, "అల్లా ఏమనుకోడు, తిను బిడ్డా" అంది. కాని దుకాణంలో తింటే ఎలా? పిల్లల బట్టల దగ్గర రుబీనా అని ఇంకో అమ్మాయి ఉండేది. కొత్తగా పెళ్లయింది, కళ్లు నలువైపులా తిరిగేవి. తస్లీమ్ ఏటా రోజాలన్నీ ఉంటుందని దుకాణంలో అందరికీ తెలుసు. ఈ ఏడు మధ్యాహ్నం డబ్బా విప్పితే, సాయంత్రానికి సేటు చెవిలో పడుతుంది.

అందుకని తస్లీమ్ రోజా ఉన్నట్టు నటించింది. గోదాంలో మడతపెట్టిన చీరల వెనక నిలబడి, నేను తలుపు దగ్గర కాపలా ఉంటే, రొట్టె ముక్కలు గబగబా మింగేది. ఒకసారి నమల్లేక కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పేమీ లేని చోట తప్పు చేస్తున్నట్టు తినాల్సి రావడం చూసి నాకు ఒళ్లు మండింది.

"దొంగ రోజా అనుకుంటున్నవా?" అంది మూతి తుడుచుకుంటూ. "అల్లాకు తెలుసు తమ్మీ. సేటుకే తెల్వొద్దు."

సేటుకు తెలియకపోవడమే కాదు, గర్వంగా కూడా ఉండేది. వచ్చిన గిరాకీకల్లా, "మా తస్లీమ్‌ను సూడుండ్రి. పచ్చి మంచినీళ్లు ముట్టకుండ నిలబడి ఎట్ల చూపిస్తుందో," అని చెప్పేవాడు. సాయంత్రం మసీదు నుంచి అజా వినబడగానే తన చేత్తోనే ఖర్జూరాలు తెచ్చి ఇచ్చేవాడు. అవి తీసుకునేటప్పుడు తస్లీమ్ మొహం చూడలేకపోయేవాణ్ణి.

మూడో నెల నడుస్తుండగా గ్రహణం వచ్చింది. చంద్రుడు గ్రహణంతోనే లేస్తాడని టీవీలో పొద్దుటి నుంచీ చెబుతున్నారు. గుళ్ల తలుపులు మూసేశారు. బజారులో మనుషులు పలచబడ్డారు. శుభకార్యానికి చీర కొనే రోజు కాదు కాబట్టి దుకాణంలో ఒక్క గిరాకీ లేదు. సేటు తొందరగా ఇంటికి వెళ్లిపోయాడు. గల్లాలో ఆయన భార్య జయశ్రీ కూర్చుంది. ఖాళీగా నిలబడ్డ మమ్మల్ని కాసేపు చూసి, ఇక ఊరుకోలేకపోయింది.

"ఊకె గోడలకు ఆనుకుని నిలబడకుండ్రి. జాకెట్ ముక్కలన్న కత్తిరించుండ్రి," అంది.

పట్టుచీరకు జాకెట్ ముక్క చీరలోనే ఉంటుంది. దర్జీకి ఇవ్వడానికి విడిగా కత్తిరించి ఇమ్మని చాలామంది చెప్పి వెళ్తారు. అలాంటివి పది, పదిహేను చీరలు పేరుకుని ఉన్నాయి. జయశ్రీ కత్తెరలు తెచ్చి అమ్మేవాళ్ల చేతికి ఒక్కొక్కటి ఇచ్చింది. తస్లీమ్ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి చాపలేదు.

మా వైపు గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉన్నవాళ్లు కత్తి, కత్తెర ముట్టరు. ముడితే లోపల బిడ్డకు పెదవో చెవో చీలుతుందంటారు. హిందువుల ఇళ్లలో అంటారు, ముస్లిముల ఇళ్లలోనూ అంటారు. పొద్దున బస్సెక్కేటప్పుడు షంషాద్ కోడలి చేత ఒట్టు వేయించుకుంది. కత్తెరకూ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. నేను చదివాను. తస్లీమ్‌కు కూడా సగం తెలుసు. కాని ఒకటి పోగొట్టుకున్న మనిషి దగ్గర ఆ సగం ఎంతసేపు నిలుస్తుంది?

"ఏంది ఆపా, కత్తెర కరుస్తదా?" అంది రుబీనా.

"రోజా గదా. కండ్లు తిరుగుతున్నయ్."

"నేను లేనా రోజా? నా కండ్లేం తిరుగుతలేవు."

నేను ముందుకు వెళ్లి, "ఇటియ్యండమ్మా, నేను కత్తిరిస్త," అన్నాను.

"నువ్వా! నీకిస్తే జాకెట్ ముక్క ఉంచి కొంగు కోస్తవు," అంది జయశ్రీ. అందరూ నవ్వారు. ఆమె కత్తెరను మళ్లీ తస్లీమ్ వైపు చాపింది. "పట్టుకోవే. నఖరాలు చేస్తున్నవేంది?"

తస్లీమ్ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది, చిన్నపిల్లలాగా.

జయశ్రీ ఆ చేతుల వైపు చూసింది. తర్వాత ఆమె నడుము వైపు చూసింది. తర్వాత అద్దాల తలుపులోంచి చీకటి పడుతున్న బజారు వైపు చూసింది. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఎక్కువ సేపు పట్టలేదు.

"ఏ నెలనే?" అంది మెల్లగా.

రుబీనా నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

జయశ్రీ కత్తెరను దూరంగా పడేసింది. నా చేత షట్టర్ సగం దింపించింది. తస్లీమ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన గల్లా కుర్చీలోనే కూర్చోబెట్టింది. "గ్రహణం విడిచేదాంక ఈడికెల్లి కదలకు. బయటికి సూడకు. గిట్లుండి రోజా ఎట్ల ఉంటున్నవే పిచ్చిదానా?"

"ఉంటలేనమ్మా," అంది తస్లీమ్. అప్పుడు ఏడ్చింది.

"మంచి పని చేసినవ్," అంది జయశ్రీ, ఆమె తల మీద చెయ్యి వేసి.

ఆ సాయంత్రం జయశ్రీ చేసిన దాంట్లో ఒక్క తప్పు కూడా నాకు దొరకలేదు. అందుకే ఇప్పటికీ కోపం వస్తుంది. తిట్టే యజమానితోనైతే పోట్లాడవచ్చు. ప్రేమగా ఇంటికి పంపించేవాళ్లతో ఏమని పోట్లాడతాం?

మర్నాడు పొద్దున తస్లీమ్ బురఖా తీయకముందే సేటు పిలిచాడు. "రాత్రి నాకు నిద్ర పట్టలే తల్లీ. గ్రహణం పూట నీ చేతికి కత్తెరియ్యబోతిమట. నీకేమన్నయితే ఆ పాపం మాకు తగులుతది. ఇంటికి పోయి ఆరాంగ ఉండు."

"నాకేం గాదు సేట్. నేను నిలబడ్త."

"వద్దమ్మా."

"ఉగాదికి ఇన్‌చార్జి అన్నరు. స్టూలు మీద కూసొని చేస్త. కూసుంటే ఏమయితది?"

"కాన్పు కానియ్యి. తర్వాత సూద్దాం."

అప్పుడు తస్లీమ్ గొంతు మొదటిసారి పెద్దదైంది. దుకాణమంతా వినబడింది. "పోయినసారి ముందుగాల చెప్పిన, తప్పాయె. ఈసారి చెప్పలే, గదీ తప్పాయె. మరెప్పుడు చెప్పాలె సేట్? తారీఖు మీరే చెప్పుండ్రి."

సేటు అది హాస్యమన్నట్టు నవ్వాడు. గల్లా తెరిచి ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చాడు. పూర్తిగా ఇచ్చానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. తస్లీమ్ దాన్ని తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా బస్టాండ్‌కు నడిచింది.

ఉగాది పూజ అయ్యాక రుబీనాను ఇన్‌చార్జి చేశారు. ఆమె పని నేర్చింది తక్కువే. కాని వేరే ఎవరూ లేరు. స్టూలు మీద కూర్చోబోతుంటే జయశ్రీ అందరి ముందే అడిగింది. "నీకిప్పుడప్పుడే పిల్లలు వద్దు గదనే?" రుబీనా నవ్వబోయి మానేసింది. అప్పటి నుంచి ఆమె కళ్లు నలువైపులా తిరగడం మానేశాయి. ఎండాకాలంలో నేను ఆ పని వదిలేసి వనపర్తిలో మందుల దుకాణంలో చేరాను.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం వనపర్తి బస్టాండ్‌లో తస్లీమ్ కనబడింది. ఏడో నెలట. బురఖాలో పైకి తెలియడం లేదు గాని, నడకలో తెలుస్తోంది. బిడ్డ మంచిగనే తిరుగుతోందని చెప్పింది. ఇంట్లో ఫాల్సులు కుడుతోందట. భర్త షాహిద్ ఆటో మూలకు పడిందట. అందుకని వనపర్తిలో ఇంకో చీరల దుకాణంలో పని అడిగి వస్తోంది. వాళ్లు ఒక పట్టుచీర ఇచ్చి చూపించమంటే, బురఖా మీదే కొంగు వేసి చూపించిందట. నచ్చింది. దీపావళికి ముందు చేరమన్నారు.

"చెప్పినవా అక్కా?" అని అడిగాను.

"పెండ్లయిందా అన్నరు, అయింది అన్న. పిల్లలా అన్నరు, లేరు అన్న. అబద్ధం గాదు గద, ఇంక పుట్టలే."

"అప్పటికి పుడతది కదా. ఇంట్ల పాలు తాగే పిల్ల ఉంటది. చేరేటప్పుడన్న చెప్పవా?"

బిజినేపల్లి బస్సు వచ్చింది. ఆమె కడ్డీ పట్టుకుని కష్టంగా ఎక్కి, మెట్టు మీద ఆగి, నా వైపు తిరిగింది.

"పుట్టినంక గూడ చెప్పను పో తమ్మీ. బడిల ఏసినంక, అప్పుడు సూద్దాం."