పాట కింద పేరు

రావులపాలెం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, నా ఒళ్లో ఉన్న కీర్తనల పుస్తకం చూసి, "ఒక్కసారి ఇస్తారా అండి?" అన్నారు. భక్తి అనుకున్నాను. ఆయన నేరుగా పరలోకం పాటల దగ్గరకు వెళ్లి, ఒక పాట కింద 'రచయిత తెలియదు' అని ఉన్న అచ్చును పెన్నుతో కొట్టేసి, పక్కన ఒక పేరు రాశారు.

"ఎవరండీ?" అన్నాను.

"మా నాన్నగారండి. మిషన్ బడిలో టీచరు. మా చెల్లి పోయినప్పుడు రాశారు. ఇటువైపు ఈ పాట లేకుండా ఎవర్నీ సాగనంపరు. రాసినాయన మాత్రం ఎవరికీ తెలీదు."

"అచ్చువేసేవాళ్లకి చెప్పలేకపోయారా?"

"చెప్పానండి. రుజువు అడిగారు. అప్పట్నుంచి ఆదివారాలు అందరికంటే ముందు చర్చికి వెళ్లి, బల్లల మీది పుస్తకాలన్నీ దిద్దుతున్నాను. పాస్టరుగారు నాది భక్తి అనుకుంటున్నారు."

పుస్తకం తిరిగి ఇచ్చి, ఆయన సిద్ధాంతం ఊరి స్టాపులో దిగిపోయారు.

మొన్న తణుకులో ఒకరి భూస్థాపనలో అదే పాట పాడారు. పక్కావిడ పుస్తకంలో ఇంకా 'రచయిత తెలియదు' అనే ఉంది. ప్రార్థన అయ్యాక ఆ పుస్తకం ఒక్కసారి ఇమ్మని అడిగాను. ఆవిడ కూడా భక్తే అనుకున్నారు.