బ్లాగు గోడ మీద స్కూటరు

గురజాలలో మా వీధి మొత్తానికి ఎదురింటి బాబాయి గోడే పెద్దది. బస్టాండుకు పోయే దారిలో ఉండటంతో కంపెనీల వాళ్ళు దాని మీద ప్రకటనలు రాయించుకునేవాళ్ళు. ఒక ఏడు విత్తనాల కంపెనీ ఒకటి దాని మీద మనిషెత్తు మిరపకాయ బొమ్మ వేయించింది. ఆ విత్తనం మొలవలేదు. రైతులు కంపెనీని ఎక్కడని వెతుకుతారు? నేరుగా వచ్చి బాబాయి అరుగు మీద కూర్చున్నారు. "నీ గోడ మీద చూసే గదా కొన్నాం" అన్నారు. ఒకప్పుడు సర్పంచిగా చేసిన మనిషి, మాట పడటం అలవాటు లేదు. అందరికీ కాఫీలు ఇప్పించి పంపించి, సున్నం కలుపుకొచ్చి ఆ మిరపకాయను తానే చెరిపేశాడు. ఎంత కొట్టినా ఆ ఎరుపు ఇప్పటికీ లేతగా కనబడుతూనే ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా బ్లాగును కూడా ఆయన గోడ కిందే జమకట్టాడు.

నేను పల్నాటి వంటల మీద బ్లాగు రాస్తాను. వంటలన్నీ పిన్నివి, అంటే బాబాయి భార్యవి. ఆమె చెబుతుంది, నేను రాస్తాను. ఉప్పెంత అని అడిగితే "చూసి వెయ్యి" అంటుంది. ఆ చూపును చెంచాల్లోకి మార్చడం ఒక్కటే నా ప్రతిభ. చదివేవాళ్ళు కాస్త పెరిగాక ప్రకటనలు పెట్టుకున్నాను. నేను చేసేదల్లా పేజీలో చోటివ్వడమే, ఎవరికి ఏ బొమ్మ చూపించాలో ప్రకటనల కంపెనీ వాళ్ళే చూసుకుంటారు. దానికోసం బ్లాగు తెరవగానే ఒక పెట్టె వస్తుంది. మీ సమాచారాన్ని ప్రకటనల కోసం వాడుకోవచ్చా అని అడుగుతుంది.

పిన్ని ఆ పెట్టె కనబడగానే ఒప్పుకుంటున్నాను అని నొక్కేస్తుంది. "ఎవరో ఏమో, మర్యాదగా అడుగుతున్నారు, మొహాన కాదని ఎట్టా అంటాం?" అంటుంది. బాబాయి పొలం గట్టు తగాదాలో ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కి దిగినవాడు. ఆయన ఒప్పుకోడు. "చదవకుండా ఒప్పుకుంటే రేపు జడ్జీ ముందు ఏం చెప్పుకోవాల?" అని ప్రతిసారీ వద్దు అనే నొక్కుతాడు. అందుకని ఆయన ఫోన్‌లో నా బ్లాగు తెరిస్తే ఊరందరికీ కనబడే సిమెంటు బస్తాలు, నీళ్ళ పైపులే వచ్చేవి. ఒప్పుకున్న పిన్ని ఫోన్‌లో మాత్రం ఆమె దేన్ని వెతికితే అదే వచ్చి ఎదురుగా నిలబడేది.

నేను రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ సందర్శకుల లెక్కల పేజీ చూసుకునేదాన్ని. హైదరాబాదులో ఎంతమంది, గుంటూరులో ఎంతమంది, ఫోన్‌లో చూశారా కంప్యూటర్‌లో చూశారా, అన్నీ కనబడేవి. నా పాఠకుల గురించి నాకు తెలియనిది లేదని తెగ మురిసిపోయేదాన్ని.

ఒకరోజు బాబాయి తన ఫోన్ ఛార్జింగ్‌లో ఉందని పిన్ని ఫోన్‌లో బ్లాగు తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే మా ఇంటికి వచ్చేశాడు.

"ఏందమ్మాయ్ ఇది? గోంగూర పచ్చడి చూద్దామని తెరిస్తే గోంగూర కింద స్కూటరు, ఉల్లిపాయల కింద స్కూటరు!"

చూద్దును గదా, నిజమే. నీలం స్కూటరు, ఎర్ర స్కూటరు, ఆడవాళ్ళ హెల్మెట్లు. తాలింపు దగ్గర బండి నేర్పే బడి ప్రకటన కూడా ఉంది.

"పోయినేడు మీ పిన్ని బండి నేర్చుకుంటానంటే, ఈ వయసులో పడితే కాలిరగటం ఒకటి, ఊళ్ళో నవ్వటం ఒకటి అని చానా కష్టపడి మాన్పించా. మర్చిపోయిందిలే అనుకుంటన్నా. నువ్వేమో బొమ్మలేసి మరీ గుర్తు చేస్తన్నావు. నీ గోడ మీద ఏం రాయించుకోవాలో నువ్వు చూసుకోవద్దా? ఇయ్యి తీసెయ్. తీయకపోతే నీ బ్లాగుకి మీ పిన్ని ఇంకో వంట చెప్పదు."

"బాబాయ్, అవి నేను వేసేవి కావు. ఎవరి ఫోన్‌లో వాళ్ళు..." అని మొదలుపెట్టాను. ఆయన వెనకాలే వచ్చిన పిన్ని గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి ఉంది. వద్దు వద్దని తల ఊపుతోంది. చేటలోని కందిపప్పు కూడా ఆమెతో పాటు ఊగుతోంది.

చెప్పబోయిన మాట మింగేశాను. ప్రకటనలు ఎలా వస్తాయో చెబితే పిన్ని దొరికిపోతుంది. చెప్పకపోతే నా బ్లాగు మూతపడుతుంది.

"నేనే వేశాను బాబాయ్. బుద్ధి గడ్డి తిని వేశాను. కంపెనీతో మాట్లాడి తీయిస్తా" అన్నాను.

ఆయన మిరపకాయ కథ మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రం పిన్ని వచ్చి వంటింట్లో కూలబడింది. "నేనేడ మర్చిపోయానే? రోజూ చూసుకుంటన్నా" అంది. వాళ్ళక్క దుర్గిలో ఉంటుంది. ఆటోలో పోదామంటే ఆటో నిండేదాకా కదలదు. బాబాయి మోటారు సైకిల్ మీద పోతే, అక్కాచెల్లెళ్ళు నాలుగు మాటలు చెప్పుకునే లోపే బయట నుంచి హారన్ మొదలవుతుంది. "హారన్ నా చేతిలో ఉండాలే" అంది పిన్ని.

నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఎదురింట్లో ఉంటూ ఆమెను ఉప్పెంత, పులుపెంత అని అడిగానే గానీ, నీకేం కావాలి పిన్నీ అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఎక్కడో కూర్చున్న ప్రకటనల కంపెనీకి తెలిసిన సంగతి నాకు తెలియలేదు. బాబాయేమో తెలిసి కూడా మాన్పించాడు.

వెంటనే రెండు పనులు చేశాం. ఫోన్‌లో వెతికినవన్నీ తుడిచేసి, ఆ పెట్టె వస్తే వద్దు అని నొక్కడం నేర్పించాను. "మర్యాదగా ఉండదే" అని నసిగి నొక్కింది. స్కూటర్లు పోయి సిమెంటు బస్తాలు వచ్చాయి. పిన్ని వాటిని చూసి చానా బాగున్న బళ్ళు పోయాయని దిగులుపడింది.

రెండోది, బాబాయి టీ కొట్టుకు పేపర్ చదవడానికి పోయే వేళకు మేమిద్దరం నా బండి మీద వాళ్ళు మిరపకాయలు ఆరబోసే కళ్ళానికి పోయేవాళ్ళం. కాయ ఎత్తేశాక కళ్ళం చదునుగా, ఖాళీగా ఉంటుంది. పడినా చూసేవాళ్ళు లేరు. అయితే కారం ఘాటు నేలను వదిలి పోలేదు. చక్రం కదిలితే దుమ్ము లేచేది, దుమ్ము లేస్తే పిన్ని తుమ్మేది. తుమ్మినప్పుడల్లా యాక్సిలరేటర్ తిప్పేసేది. నేను వెనక కూర్చుని వాళ్ళనీ వీళ్ళనీ కాదు, ముక్కోటి దేవతల్నీ పిలిచేదాన్ని. కొన్నాళ్ళకి తుమ్ముతూ కూడా తిన్నగా తోలడం వచ్చేసింది.

అంతా సర్దుకుంది అనుకుంటుండగా బాబాయి మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఉన్నది సొంత ఫోన్.

"ఏమ్మాయ్, మళ్ళీ వేశావే?"

చూశాను. పండుమిరప కారం కింద ఎర్ర స్కూటరు. పడిపోకుండా వెనక రెండు పక్కలా చిన్న చక్రాలున్నది. పెద్ద వయసు ఆడవాళ్ళకు అని రాసి ఉంది. ఏ కాగితానికీ తలొగ్గని మనిషి ఆ పెట్టెలో ఒప్పుకుంటున్నాను అని నొక్కితే తప్ప, స్కూటర్ల కోసం పనిగట్టుకుని వెతికితే తప్ప, ఆయన ఫోన్‌లోకి ఆ బండి రాదు.

"తప్పయింది బాబాయ్. తీయించేస్తా" అన్నాను.

ఆయన వీధివైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఉండనీలే, వేసింది వేశావు. మీ పిన్నికి చెప్పమాక. ఈ పక్క చక్రాలు లేకుండా రాదా అది? ఆమెకి అయ్యెందుకు? కళ్ళం గట్టు మీద నిలబడి రోజూ చూస్తన్నాగా, బానే తోలతంది."