సంఘంలో నేను చెప్పిన సాక్ష్యం

నన్ను సిగ్గుపరచి, ఆ సిగ్గులో ఒంటరిగా విడిచిపెట్టని నా దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే ధైర్యం నాకు లేదు.

ఎనభైల చివర్లో నేను రేపల్లెలో తెలుగు టీచరుని, మా లూథరన్ సంఘానికి పెద్దని. ఒక ఆదివారం గుళ్ళో వాక్యం చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. నాలుక పిడచకట్టింది. అంతకు నెల ముందు నుంచే రాత్రిళ్ళు నాలుగైదుసార్లు ఒంటికి లేస్తున్నాను. వయసు వల్ల అనుకున్నాను. మా ఆవిడ బలవంతం మీద తెనాలి వెళ్ళి బ్లడ్ టెస్ట్ చేయించుకుంటే డయాబెటిస్ అన్నారు.

"ఇది తగ్గిపోయే జబ్బు కాదు మాస్టారూ, అదుపులో పెట్టుకునే జబ్బు" అన్నారు డాక్టరు గారు. "రోజూ టాబ్లెట్, రోజూ నడక. రెండూ ఉండాలి."

మా స్కూలు డ్రిల్లు మాస్టారు రంగారావు గారు పొద్దున్నే ఏడెనిమిది మందితో కాలవకట్ట మీద పరిగెత్తేవారు. నన్నూ చేర్చుకున్నారు. మట్టిబాట, గతుకులు, తుమ్మముళ్ళు. మొదటి వారం వంద గజాలకే ఆయాసం. పోస్టాఫీసు బాషా నన్ను చూసి నవ్వేవాడు.

"ఏంటి మాస్టారూ, చంకలో బైబిలు పడిపోతుందన్నట్టు చేతులు బిగించేశారు! వదలండి."

నెలకోసారి అందరం బాపట్ల వెళ్ళి సముద్రం ఒడ్డున ఇసుకలో పరిగెత్తేవాళ్ళం. ఉత్తకాళ్ళతో పరిగెత్తే వాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పరుగయ్యాక తూము గట్టు మీద వరుసగా కూర్చుని, ఒకరి పాదం ఒకరు చూసి ముళ్ళు తీసేవారు. నా పాదం మాత్రం ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. "నాకు బూట్లున్నాయండి" అనేవాణ్ణి. యేసుప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి పిల్లలకు ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు.

మూడు నెలలకు షుగర్ నార్మల్‌కి వచ్చింది. ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి, "దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు, ఇక మాత్రలు మానేస్తున్నాను" అని సాక్ష్యం చెప్పాను. డాక్టరు మాట చెప్పలేదు. రోజూ మా ఇంటి ముందు సైకిలు బెల్లు కొట్టి నన్ను లేపిన రంగారావు గారి పేరూ చెప్పలేదు. అవి చెబితే అద్భుతం చిన్నదైపోతుందనిపించింది. అందరూ ఆమేన్ అన్నారు. నాట్లకు వెళ్ళే దీనమ్మ, ఆమె కూడా ఎన్నో ఏళ్ళుగా షుగర్ మనిషి, నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఏడాది తిరగకముందే ఒక ఉదయం పరుగయ్యాక నా మేజోడు ఎర్రగా కనబడింది. రంగారావు గారు నేను వద్దంటున్నా బూటు విప్పి, నా పాదం ఒళ్ళో పెట్టుకున్నారు. ముల్లు బూటు అడుగును చీల్చుకుని సగం లోపలికి దిగింది.

"నొప్పి తెలియలేదా మాస్టారూ?"

"లేదండి."

బాషా కూడా నవ్వలేదు. ఆ పొద్దుటి బస్సుకే నన్ను రంగారావు గారు తెనాలి తీసుకెళ్ళారు.

"న్యూరోపతి. పాదంలో స్పర్శ పోయింది" అన్నారు డాక్టరు గారు. "టాబ్లెట్లు ఎవరు మానమన్నారు?"

డ్రెస్సింగ్ చేయించుకుని వస్తుంటే ఆడవాళ్ళ వార్డులోంచి "మాస్టారయ్యా" అని పిలుపు. దీనమ్మ. కాలికి కట్టు. రెండు వేళ్ళు తీసేశారు.

"మీ సాక్ష్యం విని నేనూ మాత్రలు మానేశానయ్యా. మీకు తగ్గింది. నాకే విశ్వాసం చాల్లేదు. ఇన్సులిన్ సూది అంటున్నారు, వద్దన్నాను. ఈసారి గట్టిగా నమ్ముతాను."

సూది వేయకపోతే పాదమంతా పోతుందని నర్సమ్మ చెప్పింది. నేను బయటికొచ్చేశాను. రంగారావు గారితో అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు.

"వెళ్ళి నిజం చెప్పండి మాస్టారూ. నేను గుమ్మం దగ్గరే ఉంటా."

వెళ్ళాను. "దీనమ్మక్కా, నాకూ తగ్గలేదు. నేను చెప్పింది అబద్ధం" అన్నాను. ఆమె నా కాలి కట్టు చూసింది.

"అయితే సూది వేయించుకోనా అయ్యా?"

"వేయించుకో అక్కా. ఆ సూదీ దేవుడిచ్చిందే."

"మరి ఈ మాట నువ్వు గుళ్ళో కూడా చెప్పు."

అంతవరకూ నన్ను మీరు అన్న మనిషి మొదటిసారి నువ్వు అంది.

మరుసటి ఆదివారం చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. వెనక బెంచీలో బొట్టుతో రంగారావు గారు, పక్కన బాషా కూర్చున్నారు. పెద్దరికం నేనే వదులుకున్నాను.

దీనమ్మ పాదం నిలిచింది. నెమ్మదిగా నడుస్తుంది, నాట్లకు మాత్రం వెళ్ళలేకపోతోంది. నేను ఇప్పటికీ కట్ట మీద అందరికంటే వెనక పరిగెడతాను. పరుగయ్యాక నా రెండు పాదాలూ వాళ్ళకే అప్పగిస్తాను. నాకంటే ముందు నా గాయం వాళ్ళకే కనబడుతుంది.

చదివేవారికి ఒక్క మాట. స్వస్థత కోసం ప్రార్థించండి, కానీ డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానకండి.

నాతో కలిసి ప్రార్థించండి. దీనమ్మ కోసం. ఆ ఆదివారం నా మాట విని మందులు మానేసి, నేను దిద్దుకున్న మాట వినని వారు ఇంకెవరైనా ఉంటే, నాకు పేరు కూడా తెలియని వారి కోసం.