ఇనుపచెవి

“ఆ గోడకు చెప్పుకున్నా ఈపాటికి కదిలేది! పిల్లది బాత్రూంలో జారిపడి ‘నాన్నా’ అని గొంతు చించుకుంటుంటే పేపర్ తిరగేస్తూ కూర్చున్నారు. మనిషి కాదు, రాయి మీరు!”

పక్క గదిలో బూట్ల లేసులు కట్టుకుంటున్న తమ్ముడికి వదిన అరుపు ఖంగున వినిపించింది. అన్నయ్య గొంతు మాత్రం వినపడలేదు. టోపీ తీసుకుని బయటికొచ్చి, “పద,” అన్నాడంతే.

తమ్ముడు వెళ్తున్నది సాయానికేం కాదు. కాలేజీ వదిలేసి ఏడాదిగా ఇంట్లో పడి ఉన్నాడు. ఈ రభసలో వదిన కళ్ళబడటం కంటే కొండెక్కడమే నయమనిపించింది.

గాలి ముదిరితే రోప్‌వే ఆపేస్తారు. అన్నయ్యకు అసలు పని ఆ రోజే. కొండ అంచు వెంట పదకొండు టవర్లు. గాలికి తీగ ఊగితే పైన చక్రాలు కాస్త కాస్త కదులుతాయి. అన్నయ్య టవర్ కాలికి చెవి ఆనించి వింటాడు. బేరింగ్ బాగుంటే ఒకే తీరున గుయ్‌మంటుంది, అరిగితే కిర్రుమంటుంది. బాగున్నదానికి సుద్దతో టిక్కు, బాగాలేనిదానికి అడ్డగీత. పందొమ్మిదో ఏట గ్రీజు డబ్బా మోయడానికి చేరినవాడు, ఇరవై ఏళ్ళలో ఇంజనీర్లే వచ్చి అడిగే మనిషయ్యాడు. అందరూ ‘ఇనుపచెవి’ అంటారు. పైకి విసుక్కుంటాడు గానీ ఆ పేరంటే లోలోపల మహా గర్వం.

ఒకపక్క లోయ. గాలి మెడపట్టి గెంటేస్తోంది. “నేనెగిరిపోతే బెల్టు పట్టుకో!” అని తమ్ముడు అరిచాడు. అన్నయ్య తిరిగి చూడలేదు. ఈ గాలిలో ఎవరి మాట ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాడు తమ్ముడు.

ఏడో టవర్ దగ్గర ఊరికే ఉండలేక తనూ అవతలి కాలికి చెవి ఆనించాడు. లోపల ఎవరో పళ్ళు నూరుతున్నట్టు కిర్రు కిర్రుమంది.

అన్నయ్య టిక్కు కొట్టేశాడు.

“అన్నయ్యా, ఇది అరుస్తోంది!”

ఉలుకూ పలుకూ లేదు. తమ్ముడు రాయి తీసుకుని వెనకనుంచి ఇనుము మీద మూడుసార్లు బాదాడు. అన్నయ్య సుద్దముక్క తీరిగ్గా జేబులో వేసుకుంటున్నాడు. భుజం పట్టుకుని ఇటు తిప్పితే, కళ్ళలోకి కాదు, పెదాలకేసి చూశాడు.

“ఎప్పట్నుంచి?”

“ఎండాకాలం ముందు నుంచి. ఒక చెవి పోయినా రెండోది ఉందిగా అనుకున్నా. అదీ పోయింది.”

“మరి ఈ టిక్కులు?”

“చెవి పెట్టేది చూసేవాళ్ళ కోసం. ఇనుము అదురును బట్టి అరచేతికే తెలిసిపోతుందనుకున్నా.”

“రేపు గాలి తగ్గితే జనం ఎక్కుతారు! ఎంతమందిని చంపుదామని?”

“తెలుసురా.”

చొక్కా చేత్తో టిక్కు తుడిచేసి అడ్డగీత గీశాడు. వెనక్కి తిరిగి, మిగతా ఆరు టిక్కులూ తుడుచుకుంటూ నడిచాడు. మొదటి టవర్ చేరేసరికి ఆ చేయంతా తెల్లగా అయింది.

అక్కడ గాలి తగలని బండ చాటున ఎదురెదురుగా కూర్చున్నారు.

“రేపు ఇంజనీరుకు చెప్పేస్తా. ఉద్యోగం ఉండదు.”

“వదినకు కూడా చెప్పు. పొద్దున ఆవిడ అన్న మాటలు...”

“వద్దు. రాయి అనుకోనీ. జాలిపడి నా ముందు చేతులు తిప్పుకుంటూ సైగలతో మాట్లాడితే నేను తట్టుకోలేను. ఇంజనీరుతో గొడవపడి మానేశానంటా.”

“వదిన నమ్మదు.”

“ఎందుకు నమ్మదు? నువ్వు మూడుసార్లు ఫెయిలై మానేసి, లెక్చరర్‌తో గొడవపడి మానేశానన్నావు. ఇంటిల్లిపాదీ నమ్మారు. నేను మీ కాలేజీకెళ్ళి కనుక్కునే వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.”

తమ్ముడు చటుక్కున లేవబోయాడు. అన్నయ్య సుద్ద చేత్తో మోకాలు నొక్కి కూర్చోబెట్టాడు.

“ఆ కథ ఎలా అల్లావో నాక్కూడా చెప్పరా. మొదట్నుంచి చెప్పు. మెల్లగా, మొహం ఇటు తిప్పి.”