ఐదో గుంట ఖాళీ

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, జీతం చీటీ మీద తప్ప అది ఎక్కడా కనపడదు. విమానాలు బాగుచేసే ఆ షెడ్డులో అందరికీ ఆమె ఆగమ్మ. ఎవరు ఎంత తొందరలో వచ్చినా ఆమె నోటి వెంట ముందు ఊడిపడే మాట "ఆగు". ఇప్పుడే నేలకు దిగిన విమానం ఇంజిన్ మూత విప్పబోతే, ఆగు, దాని ఒళ్ళు చల్లారనీ. పైన పైలట్ల గదిలో "ఇంజిన్ తిప్పొద్దు, కింద మనుషులున్నారు" అనే ఎర్ర చీటీ వేలాడదీయకుండా స్పానర్ పడితే, ఆగు, నీ చేతులు నీకు బరువయ్యాయా? కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో విసుక్కునేవాళ్ళు. ఆరు నెలలు తిరిగేసరికి, పిల్లలు రోడ్డు దాటబోతే మా ఆయన కూడా అదే గొంతుతో "ఆగు" అంటున్నాడని వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు చెప్పుకుని నవ్వేవారు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె పని ఇంజిన్లకు సీళ్ళు మార్చడం. సీలంటే పెద్ద వస్తువేం కాదు. గాజంతదొకటి, ఉంగరమంతదొకటి, నల్లటి రబ్బరు చుట్టలు. ఇంజిన్‌లో నూనె ఎక్కడుండాలో అక్కడే ఉండేట్టు కాపలా కాయడం వాటి ఉద్యోగం. ఆ వేడికి, ఆ ఒత్తిడికి రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. పాతది తీసి కొత్తది పెట్టాలి. ఓస్ ఇంతేనా అంటారు విన్నవాళ్ళు. ఇంతే. కాకపోతే ఈ ఇంతలో ఎంతుందో ఆగమ్మను అడగాలి. రబ్బరుకూ ఆయుష్షుంటుంది కాబట్టి, పొట్లం మీద తేదీ దాటితే అది ఎంత నిగనిగలాడినా చెత్తబుట్టకే. ఒకసారి బిగించి తీసినదాన్ని మళ్ళీ వాడకూడదు. ఊడి రావట్లేదని స్క్రూడ్రైవరు పెట్టి పెళ్ళగిస్తే, అది కూర్చునే గాడి మీద వెంట్రుకంత గీత పడుతుంది, నూనెకు ఆ గీతే రాచబాట. కొత్తదానికి రాయాల్సింది ఆ ఇంజిన్ తాగే నూనే గానీ చేతికందిన గ్రీజు కాదు. "దానికి పుట్టింటి నూనె తప్ప పడదు" అనేది ఆగమ్మ.

ఇవన్నీ షెడ్డులో అందరికీ ఇచ్చే నియమాల పుస్తకంలో ఉన్నవే. పుస్తకంలో లేనిది ఒకటి ఆమె సొంతం. ఆమె చూసే రకం ఇంజిన్ కింద గేర్ల పెట్టె ఉంటుంది, దానికి ఏడు మూతలు, మూతకొక సీలు. అందుకని ఏడు గుంటలు తొలిపించిన చెక్క పళ్ళెం ఒకటి చేయించుకుంది. తీసిన పాత సీలు తన గుంటలో పడ్డాకే ఆ మూతకు కొత్త సీలు పొట్లం చించాలి. ఎందుకంటే పాత సీలు ఒక్కోసారి గాడి అడుగుకు కాలి అంటుకుపోతుంది. అది ఎప్పుడో ఊడి పడిందనుకుని దాని మీదే కొత్తది పెట్టేస్తారు. నేల మీద ఇంజిన్ తిప్పి చూస్తే చుక్క కారదు. పైకెళ్ళి, వేడెక్కి, ఒత్తిడి పెరిగాక ఒకదాని మీద ఒకటి జారతాయి, నూనె అంతా పోతుంది. ఆ ఎత్తున "ఆగు" అని ఎవరు అనాలి?

ఆమె చేసిన పనిని తనిఖీ చేసేది మరదలు, అంటే తమ్ముడి భార్య. చేసిన చెయ్యి వేరు, చూసిన కన్ను వేరు ఉండాలి, ఇద్దరి స్టాంపులూ పడితేనే విమానం కదలాలి. మరదల్ని పన్నెండేళ్ళ కిందట పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ ఆగమ్మే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, "ఇంట్లో ఒకడు, షెడ్డులో సగం, మొత్తం నాకు ఒకటిన్నర మొగుళ్ళు" అని మరదలు అందరి ముందే అనేది. బంధువులు కదా, చూసీ చూడనట్టు వదిలేస్తారేమోనని సూపర్వైజరుకు మొదట్లో అనుమానం ఉండేది. ఒక వారం వీళ్ళిద్దరి వాదులాటలు విన్నాక ఆ అనుమానం ఎగిరిపోయింది. ఆగమ్మ, తమ్ముడు, మరదలు ముగ్గురూ ఉండేది ఒకే ఇంట్లో, సైకిళ్ళ షాపు మీద మూడు గదుల్లో. తమ్ముడు దర్జీ. ఇక ఆగమ్మ పెళ్ళి సంగతంటారా, ఎవరు ఆ మాట ఎత్తినా "ఆగు" అంటూ అంటూనే యాభై ఏడు దాటించేసింది.

ఆ మనిషి గుండెల్లో ఆ ఏడాది ఒక గుట్టు ఉంది. చలికాలం నుంచి ఆమె కుడిచేతి చూపుడు వేలు మొద్దుబారింది. ఆ వేలే ఆమె ఆస్తి. కన్ను అందని మూలల్లో ఉన్న గాడిని వేలితోనే చదివేసేది. అలాంటి చోట చిన్న అద్దం, టార్చి పెట్టి చూడాలని పుస్తకం చెబుతుంది. "నా వేలుండగా అద్దమెందుకు?" అని ఆమె దాన్ని పక్కన పెట్టేది. మిగతా అన్ని నియమాలకూ ప్రాణమిచ్చే మనిషి కాబట్టి ఈ ఒక్కదానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు వేలి సంగతి బయటపెడితే డాక్టరు దగ్గరికి పంపుతారు, స్టాంపు తీసేసుకుంటారు, సామాన్ల గదిలో కుర్చీ వేస్తారు. రిటైరవడానికి ఏడాదే ఉంది. ఈ ఏడాది ఎలాగోలా నెట్టేస్తే పరువుతో ఇంటికి పోవచ్చనుకుంది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

ఆ రోజు పొద్దున వంటింట్లో పొయ్యి మీంచి అప్పుడే దించిన టీని స్టీలు గ్లాసులో పోసి మరదలు గట్టు మీద పెట్టింది. పట్టుకోవడానికి గుడ్డ తెచ్చేలోపే ఆగమ్మ గ్లాసు తీసుకుని తాపీగా నిలబడింది.

"వదినా, కాలట్లేదూ?"

"ఏం కాలుతుంది?"

కుట్టుమిషను దగ్గర్నుంచి తమ్ముడు అందుకున్నాడు. "ఇంజిన్లకే భయపడని చెయ్యి, నీ టీ గ్లాసుకు భయపడుతుందటే?"

ముగ్గురూ నవ్వారు. మరదలు మాత్రం ఆ గ్లాసు వంక ఇంకాసేపు చూసింది.

షెడ్డులో ఆ రోజు ఏడు సీళ్ళ పని. ఆగమ్మ వరసగా నాలుగు పూర్తి చేసింది. ఐదో మూత లావుపాటి గొట్టం వెనక ఉంటుంది, తల దూరదు, చెయ్యి మాత్రం పడుతుంది. మూత తీసింది. మూతకు సీలు అంటుకుని రాలేదు. వేలు పెట్టి గాడి చుట్టూ తిప్పింది. నున్నగా తగిలింది. పెళుసైపోయి ముక్కలై కింద నూనె తొట్టెలో రాలి ఉంటుందిలే, తర్వాత వెతుకుదాం అనుకుంది. ఇలా రాలడం కద్దు. కానీ పళ్ళెంలో పడందే పొట్లం చించకూడదు కదా. సరిగ్గా అప్పుడే సూపర్వైజరు పక్క విమానం కాగితాల మీద సంతకానికి పిలిచాడు. ఎప్పుడూ చేతి గడియారం చూసుకుంటూ ఉంటాడని ఆయన్ని అందరూ గడియారం అంటారు. ఆమె వెళ్ళి సంతకం పెట్టి తిరిగొచ్చింది. పని మధ్యలో లేచి వెళ్తే చేసిన పనిలో మూడు మెట్లు వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాలని పుస్తకంలో ఉంది. ఆమె వెనక్కి వెళ్ళలేదు. పొట్లం చించి, కొత్త సీలుకు నూనె రాసి, కూర్చోబెట్టి, మూత బిగించేసింది.

పదకొండింటికి మరదలు తనిఖీకి వచ్చింది. ముందు ఎర్ర చీటీ ఉందో లేదో చూసింది. ఖాళీ పొట్లాలు లెక్కపెట్టి, వాటి మీద తేదీలు చదివింది. తర్వాత పళ్ళెం ముందు నిలబడింది.

"వదినా, ఐదోది ఏది?"

"తొట్టెలో రాలి ఉంటుంది చూడు."

మరదలు తొట్టెలో నూనెను తెల్లగుడ్డలోంచి వడబోసింది. గుడ్డ మీద చిన్న నలుసు కూడా మిగల్లేదు.

"లేదు వదినా."

"సరిగ్గా చూశావా?"

"నువ్వు నేర్పినట్టే చూశాను."

అంతలో గడియారం గారు వచ్చారు. ఆ విమానం పన్నెండున్నరకు బయల్దేరాలి. సంగతి విని మణికట్టు వంక రెండుసార్లు చూసుకున్నారు.

"పది నిమిషాలు ఇంజిన్ తిప్పి చూద్దాం. చుక్క కారకపోతే పంపేద్దాం. చేసింది మీ వదినేగా, స్టాంపు వెయ్యమ్మా."

"మా వదిన చేసిందని వెయ్యను సార్. నేను చూస్తేనే వేస్తాను. ఐదోది నేను చూడలేదు."

ఆయన ఇక ఆగమ్మ వైపు తిరిగారు. "పోనీ మీరు చెప్పండి. పాతది తీశానని ఒక్క మాటనండి. ఎక్కడో పడిపోయిందని రాసుకుంటాను. మీ మాట మీద నాకు అనుమానం లేదు."

చుట్టూ పనిచేస్తున్నవాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు. ఒక్క మాటతో అయిపోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె మాట తప్పని ఎవరూ అనలేదు, ఇవాళా అనరు. ఆగమ్మ వేలిని గుర్తుచేసుకుంది. గాడి నున్నగా తగిలింది. నిజమే. కానీ ఈ మధ్య దానికి నున్నగా తగలనిది ఏముంది? పొద్దున గ్లాసు కూడా చల్లగానే తగిలింది. ఆ విమానంలో ఎక్కబోయేవాళ్ళు ఈపాటికి సంచులు సర్దుకుని వరసలో నిలబడి ఉంటారు.

"ఆగండి," అంది. "విప్పాలి."

గడియారం గారు నెత్తి పట్టుకున్నారు. ఆమె పట్టించుకోకుండా మరదలి వైపు చూసింది. "నువ్వు విప్పు. అద్దం తెచ్చుకో."

మరదలు ఒక్క క్షణం తెల్లబోయింది. వదిన నోట అద్దం మాట వినడం అదే మొదలు.

మూత ఊడింది. కొత్త సీలును ప్లాస్టిక్ పుల్లతో తీసి పక్కన పెట్టింది మరదలు. గొట్టం వెనక్కి అద్దం దూర్చి టార్చి వేసింది. లోహం తళుక్కుమనాల్సిన చోట మసినలుపు కనబడింది. ఇద్దరూ అద్దంలో దాన్నే చూశారు.

"ఒక్కసారి నన్ను పెట్టనీ," అని ఆగమ్మ వేలు లోపలికి పోనిచ్చింది. అద్దంలో తన వేలు ఆ నలుపు మీదే తిరగడం కంటితో చూస్తోంది. వేలు మాత్రం అక్కడ ఏమీ లేదంటోంది. ఇన్నేళ్ళూ ఆమె కంటికన్నా ఎక్కువగా నమ్మింది ఆ వేలినే. చెయ్యి బయటికి తీసి గుడ్డకు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది.

పాత సీలు కాలిన రొట్టె అంచులా రెండు ముక్కలై ఊడి వచ్చింది. మరదలు వాటిని ఐదో గుంటలో పెట్టింది.

"సార్," అంది ఆగమ్మ. "నా వేలికి తెలియలేదు. చలికాలం నుంచీ తెలియట్లేదు. చెబితే స్టాంపు పోతుందని దాచాను." జేబులోంచి స్టాంపు తీసి పళ్ళెం పక్కన పెట్టింది. "ఇంకో మాట. అప్పట్నుంచీ నేను అద్దం పెట్టకుండా వేలితో చూసి మూసినవి ఈ రోజుది కాక పదకొండున్నాయి. పాతవి పళ్ళెంలో పడ్డాయి గానీ, గాడిలో ముక్క మిగిలినా నా వేలికి తెలిసి ఉండదు. ఏ విమానం, ఏ రోజు, అన్నీ నా సొంత నోటుపుస్తకంలో రాసి ఉన్నాయి. అన్నీ విప్పించండి."

గడియారం గారు మొదటిసారి గడియారం చూడకుండా పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయారు. "అమ్మా, మీరు దాచిందానికి మిమ్మల్ని తిట్టాలో, చెప్పిందానికి దణ్ణం పెట్టాలో తెలియట్లేదు."

"ముందు ఫోన్ చెయ్యండి సార్. తిట్లు తర్వాత తింటాను."

ఆ విమానం రెండున్నర గంటలు ఆలస్యంగా బయల్దేరింది. ఐదో మూత పని మళ్ళీ మొదటినుంచి వేరే మెకానిక్ చేశాడు, మరదలు అద్దంలో చూసి స్టాంపు వేసింది. ఆమె నోటుపుస్తకంలో ఉన్న విమానాలను దిగినవాటిని దిగినట్టే ఆపి మూతలు విప్పారు. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆగమ్మకు ముద్ద దిగలేదు. తమ్ముడు ఏమీ అడగకుండా రెండు పూటలా కంచం పెట్టి తీసేవాడు. మూడో రోజు సాయంత్రం మరదలు పరుగున సామాన్ల గదికి వచ్చి, "వదినా, పదకొండూ బాగున్నాయి, అన్నిట్లో ఒక్కటే సీలు" అంది. ఆగమ్మ అలమరల వెనక్కి వెళ్ళి బావురుమని ఏడ్చింది.

డాక్టరు మణికట్టు దగ్గర నరం నలుగుతోందన్నాడు. చిన్న ఆపరేషను చేస్తే కొంత స్పర్శ రావచ్చు, మొత్తం వస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు. ఆఫీసు వాళ్ళు గట్టిగానే ఉత్తరం రాశారు, ఉద్యోగం తీయలేదు. స్టాంపు తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. ఇప్పుడు సామాన్ల గది కిటికీ దగ్గర కూర్చుని పొట్లాల మీద తేదీలు చూస్తుంది. ఎవరైనా చేయి చాపి సీలు అడిగితే, "ఆగు, అద్దం తెచ్చుకున్నావా?" అంటుంది. చూపిస్తేనే పొట్లం ఇస్తుంది. పళ్ళేనికి ఒక పక్కన మేకు కొట్టి దానికి అద్దం తగిలించింది కూడా ఆమే.

ఆపరేషనుకు వెళ్ళే ముందు రోజు పొద్దున, మరదలు టీ గ్లాసుకు గుడ్డ చుట్టి మరీ అందించింది. ఆగమ్మ ఆ గుడ్డ వంక చూసి నవ్వింది.

"నాకు వేడి తెలియదని ఊరంతటికీ తెలిసిపోయిందిగా. ఇంకా ఈ గుడ్డెందుకే?"

"నీకు తెలియకపోయినా చెయ్యి కాలుతుంది కదా వదినా."

ఆగమ్మ గుడ్డతోనే గ్లాసు పట్టుకుని, చల్లారేదాకా ఆగి, తాగింది.